మారుమనస్సు దేవుడిచ్చేదా, మనం చేసేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, జగిత్యాల వైపు సంఘాల్లో బాప్తిస్మ తరగతులు నడిచేటప్పుడు, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాల్లో, ఉజ్జీవ కూటాలు ముగిశాక ఎక్కువగా వచ్చే ప్రశ్నలివి. వాక్యాలు మన ఇళ్లలో ఉండే పాత అనువాదం నుంచే తీసుకున్నాం. బైబిలు పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటీ తీసి చూసుకుంటూ చదవండి.

మారుమనస్సు అంటే ఏడవడమేనా?

కన్నీళ్లు రావచ్చు, రాకపోవచ్చు. ప్రవక్తలు వాడిన హెబ్రీ మాట 'షూబ్'. దారి తప్పి వెళ్లినవాడు వెనక్కి తిరిగి రావడానికి కూడా అదే మాట. కొత్త నిబంధనలోని గ్రీకు మాట 'మెటనోయా', అంటే మనసు మారడం: ఇంతకాలం మంచిదనుకున్నదాన్ని చెడ్డదని ఒప్పుకోవడం, వద్దనుకున్న దేవుణ్ణి కోరుకోవడం. పాపాన్ని గురించి దేవుడు ఏమంటాడో మనమూ అదే అని, దాన్ని వదిలి ఆయన వైపు తిరగడమే మారుమనస్సు.

మత్తయి 27:3లో యూదా ఇస్కరియోతు కూడా "పశ్చాత్తాపపడి" ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చాడు. అక్కడి గ్రీకు మాట వేరు, 'మెటమెలోమై'. అందుకే అది ఉత్త విచారం మాత్రమేనని కొందరు బోధకులు మాట మీదే తీర్పు చెప్పేస్తారు. కానీ మత్తయి 21:29లో "పోను" అన్న కొడుకు తర్వాత మనసు మార్చుకుని ద్రాక్షతోటకు వెళ్లినప్పుడూ అదే మాట ఉంది. కాబట్టి మాటను పట్టుకుని తేల్చలేం, అడుగులు ఎటు పడ్డాయో చూడాలి. యూదా వెళ్లింది యాజకుల దగ్గరికి, అక్కణ్ణుంచి ఉరితాడు దగ్గరికి. యేసును ఎరుగనని బొంకిన పేతురు వెక్కి వెక్కి ఏడ్చి, మిగతా శిష్యుల మధ్యనే ఉండిపోయాడు, ప్రభువు వచ్చినప్పుడు ఎదురుగా నిలబడ్డాడు. 2 కొరింథీయులకు 7:10 లోకసంబంధమైన దుఃఖాన్ని, దైవచిత్తానుసారమైన దుఃఖాన్ని వేరు చేసేది ఇక్కడే.

అసలు సంగతి చెప్పండి. ఇది దేవుడిచ్చేదా, నేను చేసేదా?

బైబిలు రెండూ చెబుతుంది, ఒకదాన్ని పలచన చేసి ఇంకొకటి చెప్పదు.

మనిషి చేయవలసినదిగా: "మారుమనస్సు పొంది సువార్త నమ్ముడి" (మార్కు 1:15). "అంతటను అందరును మారుమనస్సు పొందవలెనని" దేవుడు ఆజ్ఞాపిస్తున్నాడు (అపొస్తలుల కార్యములు 17:30). చేతకానివాడికి ఆజ్ఞ ఎందుకని అడిగితే సమాధానం ముందుముందు వస్తుంది. ఆజ్ఞ ఉందన్న సంగతి ముందు ఒప్పుకోవాలి.

దేవుడు ఇచ్చేదిగా: అన్యజనులకు కూడా దేవుడు "జీవార్థమైన మారుమనస్సు దయచేసియున్నాడు" (అపొ. 11:18). ఎదిరించేవారికి దేవుడు ఒకవేళ మారుమనస్సు దయచేస్తాడేమో, సాత్వికంతో బోధించు అని తిమోతికి పౌలు రాశాడు (2 తిమోతి 2:25). "తండ్రి వానిని ఆకర్షించితేనే గాని యెవడును నాయొద్దకు రాలేడు" అని యేసే అన్నాడు (యోహాను 6:44). ఫిలిప్పీలో ఊదారంగు పొడి అమ్మే లూదియ పౌలు మాటలు విన్నప్పుడు ఆమె హృదయం తెరిచింది ప్రభువు (అపొ. 16:14), విన్నది, నమ్మింది, బాప్తిస్మం తీసుకున్నది మాత్రం ఆమె.

ఒకే ప్రవక్త నోట ఈ రెండూ వచ్చిన చోటు చూస్తే విషయం తేటపడుతుంది. యెహెజ్కేలు 18:31: "నూతన హృదయమును నూతన బుద్ధియు తెచ్చుకొనుడి." అదే యెహెజ్కేలు 36:26: "నూతన హృదయము మీకిచ్చెదను." తెచ్చుకోమన్నదాన్నే ఇస్తానంటున్నాడు. ద్వితీయోపదేశకాండంలోనూ ఇదే వరస: 10:16లో మీ హృదయానికి మీరే సున్నతి చేసుకోండని ఆజ్ఞ, 30:6లో నీ దేవుడైన యెహోవా చేస్తాడని వాగ్దానం. ఆజ్ఞ మన బాధ్యతను చూపిస్తుంది, వాగ్దానం ఆ బాధ్యత తీర్చే శక్తి ఎక్కడిదో చూపిస్తుంది. తొలి శతాబ్దాల సంఘ బోధకుడు ఆగస్టీను దేవుణ్ణి ఇలా వేడుకున్నాడు: నీవు ఆజ్ఞాపించేది దయచేయి, ఆ తర్వాత నీ ఇష్టం వచ్చింది ఆజ్ఞాపించు. రోములో ఉన్న పెలాగియస్ అనే బోధకుడికి ఆ ప్రార్థన రుచించలేదు. ఇలా అయితే జనం సోమరులైపోతారని అతని భయం.

మన తెలుగు మాటనే ఒకసారి గమనించండి. గ్రీకులో అది ఒక్క క్రియాపదం. మన అనువాదకులు "మారుమనస్సు పొందుడి" అన్నారు. పొందడం అంటే ఎవరో ఇస్తేనే కదా, అయినా "పొందుడి" అన్నది నీకే ఆజ్ఞ. మూలభాషలో లేనిదాని మీద సిద్ధాంతం కట్టకూడదు, నిజమే. కానీ రోజూ పలికే మాటలోనే రెండు పక్కలూ గుర్తుండిపోయేలా కుదరడం మనకు మేలే చేసింది.

"రాసి పెట్టి ఉంటే అయితది, లేకుంటే లేదు" అంటారు కదా. దేవుని సార్వభౌమత్వం అన్నా తలరాత అన్నా ఒకటే కాదా?

ఈ ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువ చిక్కు ఇక్కడే. మనం పుట్టి పెరిగిన భాషలో తలరాత, నుదుటిరాత, కర్మ, యోగం ఉన్నాయి. బైబిల్లో 'ఏర్పాటు' (రక్షణ కోసం దేవుడు ముందే ఎంచుకోవడం), 'సంకల్పం', 'ముందుగా నిర్ణయించెను' అని చదవగానే మనసు దాన్ని ఆ పాత గూట్లోనే పెట్టేస్తుంది. ఒకవైపు "దేవుడు పిలిస్తె అప్పుడు సూద్దాం" అని వాయిదా, ఇంకోవైపు "నా రాత ఇంతే" అని నిరాశ.

తేడా మూడు చోట్ల ఉంది.

తలరాతలో నువ్వేం చేసినా ఫలితం మారదు. బైబిల్లో దేవుడు ఫలితంతోపాటు దానికి దారిని కూడా నిర్ణయిస్తాడు, ఆ దారిలో నీ పనీ ఉంటుంది. అపొ. 27లో పౌలు ఎక్కిన ఓడ చూడండి. అందులో 276 మంది. ఒక్క ప్రాణం కూడా పోదని దేవదూత ముందే చెప్పాడు (22-24 వచనాలు). అయినా నావికులు పడవ దించుకుని పారిపోబోతుంటే పౌలు శతాధిపతితో అన్నది: వీళ్లు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరు (31). వాగ్దానం నిజం, హెచ్చరికా నిజం. సైనికులు తాళ్లు కోశారు, వాగ్దానం నెరవేరింది.

రెండోది, తలరాతకు ముఖం లేదు. రాసింది ఎవరో, ఎందుకో అడిగే వీలుండదు. రెండు పిచ్చుకలను కాసుకు అమ్మే సంతలో ఒక్కటి నేల రాలినా తండ్రికి తెలియకుండా కాదన్నాడు యేసు (మత్తయి 10:29). ఆ తండ్రి "దుర్మార్గుడు మరణము నొందుటవలన నాకు సంతోషము లేదు" అంటాడు (యెహెజ్కేలు 33:11). వేడుకుంటే వినే తండ్రి ఆయన.

మూడోది తప్పు ఎవరిదన్న లెక్క. తలరాత తప్పును రాసినవాడి మీదికి నెట్టేస్తుంది. బైబిలు నెట్టనివ్వదు. యేసు అప్పగింపబడటం దేవుడు నిశ్చయించిన సంకల్పం ప్రకారమే, అయినా "మీరు దుష్టులచేత సిలువ వేయించి చంపితిరి" అని పేతురు అదే వాక్యంలో అన్నాడు (అపొ. 2:23). యోసేపు అన్నలతో "మీరు నాకు కీడు చేయనుద్దేశించితిరి" అని దాచకుండా చెప్పి, దేవుడు దాన్నే మేలుకు ఉద్దేశించాడన్నాడు (ఆదికాండము 50:20).

ఫరో హృదయాన్ని దేవుడే కఠినపరిచాడు. మరి అతని తప్పేముంది?

నిర్గమకాండం వరసగా చదవండి. కప్పల తర్వాత ఫరో తానే హృదయాన్ని కఠినపరచుకున్నాడు (8:15). ఈగల తర్వాతా అంతే (8:32). కొన్నిచోట్ల అతని హృదయం కఠినమైందని మాత్రమే ఉంటుంది. తెగుళ్లు పడుతుండగా "యెహోవా కఠినపరచెను" అని మొదటిసారి కనిపించేది ఆరోదైన దద్దుర్ల తర్వాత (9:12). వడగండ్ల తర్వాత మళ్లీ ఫరో తానే (9:34).

కానీ ఆ వరసను పట్టుకుని అంతా తేలిపోయిందనడం నిజాయితీ కాదు. తెగుళ్లు మొదలు కాకముందే 4:21లో, 7:3లో దేవుడు కఠినపరుస్తానని చెప్పాడు, రోమా 9:17-18లో పౌలు దాన్ని మెత్తబరచకుండా ఎత్తిచూపాడు. మనం ధైర్యంగా చెప్పగలిగేది ఒకటుంది: మారాలని తపించిన ఒక మంచి మనిషిని దేవుడు బలవంతంగా ఆపిన కథ అది కాదు. ఫరో కోరినదానికే అతణ్ణి అప్పగించాడు. రోమా 1:24లో "అప్పగించెను" అన్నమాట కూడా అలాంటి తీర్పే. అందుకే కీర్తన 95 "నేడు" అని నొక్కి చెబుతుంది. గుండె బండబారడం ఒక్కరోజులో అయ్యే పని కాదు, 'ఇంకొక్కసారి' అంటూ అంటూ గట్టిపడుతుంది.

మా దగ్గర ఒక్కో సంఘంలో ఒక్కోలా చెబుతారు. ఎందుకు? ఎవరిది సరి?

ఎందుకన్నదానికి మన ప్రాంతపు మిషన్ల చరిత్రలోనే జవాబుంది. కరీంనగర్, మెదక్, నిజామాబాద్ వైపు పని చేసింది వెస్లియన్ మెథడిస్టులు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి వాళ్లు కట్టిందే. డోర్నకల్ వైపు ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లండు సంఘం వారు. వి.ఎస్. అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయింది డోర్నకల్‌కే. ఈ రెండు పాయలూ 1947లో సీఎస్ఐలో (దక్షిణ ఇండియా సంఘంలో) కలిశాయి. హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్. కాజీపేట ఫాతిమానగర్ చుట్టూ కథోలికులు. వీళ్ల తర్వాత బఖ్త్ సింగ్ మొదలుపెట్టిన హెబ్రోను సహవాసాలు, పెంతెకొస్తు సంఘాలు.

మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ (1703-1791) బోధ ప్రకారం పాపంలో చచ్చిన మనిషి తనంతట తాను తిరగలేడు. అయితే దేవుడు అందరికీ ముందుగా ఒక కృప ఇస్తాడు, ఆ కృపతో ఎవరైనా తిరగవచ్చు, తోసిపుచ్చనూ వచ్చు. ఆంగ్లికన్ల 39 సూత్రాల్లో పదోది, మనిషి సొంత బలంతో దేవుని వైపు తిరగలేడని చెబుతుంది, పదిహేడోది ఏర్పాటు గురించి. 1784లో అమెరికా మెథడిస్టుల కోసం వెస్లీ ఆ సూత్రాలను 24కు కుదించినప్పుడు పదిహేడోదాన్ని వదిలేశాడు. అంటే నేడు ఒకే సీఎస్ఐ పేరు కింద ఉన్న రెండు పాయల మధ్య తేడా పాతదే. బాప్టిస్టుల్లో మొదటినుంచీ రెండు రకాలవారూ ఉన్నారు.

ఎక్కడ విడిపోతారో తెలియాలంటే ముందు ఎక్కడ కలుస్తారో చూడాలి. మనిషి కృప లేకుండా తన మంచితనంతో దేవుని దగ్గరికి రాగలడన్న పెలాగియస్ బోధను 418లో కార్తేజీ సభ తోసిపుచ్చింది. కనీసం మొదటి అడుగు మనిషి సొంతంగా వేస్తాడన్నదాన్ని 529లో ఆరెంజ్ సభ తోసిపుచ్చింది. పండితుడు ఎరాస్మస్ 1524లో స్వేచ్ఛాచిత్తం తరఫున రాస్తే, సంఘ సంస్కర్త లూథరు 1525లో చిత్తం బానిసగా ఉందని జవాబిచ్చాడు. కథోలికుల ట్రెంట్ సభ 1547లో, దేవుడు కదిలించిన చిత్తం ఆయనతో కలిసి పనిచేస్తుందని, కాదనగలదని చెప్పింది. డచ్ వేదాంతి అర్మీనియస్ అనుచరులు 1610లో ఐదు అంశాలు రాశారు. వాటిలో మూడోది చదివితే చాలామంది ఆశ్చర్యపోతారు: మనిషికి తనంతట తనకు రక్షించే విశ్వాసం లేదు, దేవుడు అతణ్ణి తిరిగి జన్మింపజేయాలి అని ఉంటుంది. వాళ్లకు ఎదురు చెప్పిన 1618-19 నాటి డోర్ట్ సభ కూడా, కృప మనుషులను రాళ్లలా, మొద్దుల్లా చూడదు, వారి చిత్తాన్ని చెరిపేయదు అని రాసింది.

అంటే గొడవ "కృప కావాలా వద్దా" అని కాదు. కృపను మనిషి చివరిదాకా తోసిపుచ్చగలడా, లేడా? అంతే. మన దగ్గర దీని మీద సంఘాలు చీలిపోవడం, ఒకరి ప్రభు బల్లలో ఒకరు పాలు పొందకపోవడం బాధాకరం. మా అభిప్రాయం దాచుకోం: మొదలు దేవునిదేనని ఒప్పుకునేవారు, మారుమనస్సు పొందమని అందరినీ నిజంగా పిలిచేవారు ఒకే కూటంలో ఉండగలరు. "నువ్వు మంచివాడివి, కొంచెం ప్రయత్నిస్తే చాలు" అనే బోధ, "నీ చేతిలో ఏం లేదు, ఊరకే కూర్చో" అనే బోధ, ఈ రెండింటితోనే జాగ్రత్త.

కాలువ, తూము పోలిక సరైనదేనా?

కాకతీయ కాలువ కింద పొలాలున్న ఊళ్లలో ఈ పోలిక తరచూ వినిపిస్తుంది: నీళ్లు దేవుడు వదిలాడు, తూము నువ్వు తెరుచుకో. సగం వరకు బాగుంది. శ్రీరాంసాగర్ నుంచి నీళ్లు రాకపోతే తూము ఎన్నిసార్లు తెరిచినా మడి తడవదు.

చిక్కేమిటంటే, ఈ పోలికలో నీళ్లు దేవునివి, తూము ఎత్తే చెయ్యి పూర్తిగా నాది. నా పొలం పండి పక్కవాడిది ఎండితే, తేడా నా చెయ్యే అవుతుంది, పొగడ్త నాకే రావాలి. ఆరెంజ్ సభ కాదన్నది సరిగ్గా ఇదే. వెస్లీ మార్గంలో సరిచేస్తే, ఎండిపోయిన చేతికి తూము ఎత్తే సత్తువ కూడా దేవుడే ఇచ్చాడు, అయినా పట్టుబట్టి మూసి ఉంచేవాడుంటాడు. డోర్ట్ మార్గంలో, రైతు గట్టు మీద చచ్చి పడి ఉన్నాడు, దేవుడు అతణ్ణి బతికించాడు, బతికినవాడు దాహంతో తానే పరుగెత్తి తూము ఎత్తాడు. ఎవరూ అతని చెయ్యి పట్టి లాగలేదు. పోలిక వాడితే ఈ దిద్దుబాటుతో వాడండి.

నేను ఏర్పరచబడ్డానో లేదో తెలియకుండా ఎలా రావాలి?

ఆ జాబితా చూసి రమ్మని బైబిలు ఎవరినీ పిలవలేదు. వరస తలకిందులైతేనే ఈ భయం పుడుతుంది. "నాయొద్దకు వచ్చువానిని నేనెంత మాత్రమును బయటికి త్రోసివేయను" (యోహాను 6:37). ఆ వచనం మొదటి సగంలో తండ్రి అనుగ్రహించేవారి మాట ఉంది, అది వచ్చినవాడు వెనక్కి తిరిగి చూసి కృతజ్ఞత చెప్పడానికి. రెండో సగం ఇంకా గుమ్మం బయట నిలబడినవాడికి. చివరి ఆయకట్టు పొలానికి నీళ్లు అందవేమోనన్నట్టు, తన దాకా కృప రాదేమోనని భయపడేవారు ఈ రెండో సగాన్ని కంఠతా పట్టాలి. మారాలన్న కోరిక నిజంగా మీలో ఉంటే, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఫిలిప్పీ 2:13 చెబుతుంది: "మీరు ఇచ్ఛయించుటకును" మీలో పనిచేసేది దేవుడే.

సరే, మారుమనస్సు పొందాలనుకుంటున్నాను. ఏం చేయాలి?

మొదట పాపాన్ని పేరు పెట్టి చెప్పండి. "ప్రభువా, నేను పాపిని" అన్నది నిజమే గాని, ఆ మాట చాటున దాక్కోవడం సులువు. "అన్న వాటా గుంటలు నా పట్టాలో కలుపుకున్నాను", "అత్తగారింటి మీద కట్నం కోసం ఒత్తిడి పెట్టాను", "సౌదీలో ఉన్నప్పుడు ఇంకొకరితో ఉన్నాను" అనండి. దావీదు కీర్తన 51 చదివి, దాన్ని మీ ప్రార్థనగా చేసుకోవచ్చు. ఒక గంట ఏకాంతంగా కూర్చుని కాగితం మీద రాసుకుంటే మేలు. ప్రార్థన అయ్యాక చించి కాల్చేయండి, ఇంట్లో వేరొకరి చేతికి చిక్కితే కొత్త గాయం అవుతుంది.

తర్వాత క్రీస్తు మీద ఆనుకోండి. చాలామంది తడబడేది ఇక్కడే. జాబితా పూర్తిగా తీరాక, ఏడుపు సరిపోయినంత వచ్చాక అప్పుడు క్షమిస్తాడనుకుంటారు. క్షమాపణకు ధర మన దుఃఖం కాదు. 1 యోహాను 1:9 దేవుణ్ణి "నమ్మదగినవాడును నీతిమంతుడును" అంటుంది. ఎదుటివాడు ఎంత ఏడ్చాడని ఆయన కొలవడు, సిలువ మీద చెల్లించిందానికి కట్టుబడతాడు.

మూడోది, అన్యాయం చేసిన మనిషి దగ్గరికి వెళ్లడం. దేవుని దగ్గర ఒప్పుకున్నాం చాలని దీన్ని దాటేస్తుంటారు. మత్తయి 5:23-24 అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లమంటుంది. వెళ్లినప్పుడు "నువ్వు కూడా అప్పుడు అట్లనే అన్నవ్ కదా" అని ఒక్క మాట కలిపినా ఆ ఒప్పుకోలు వాదన అయిపోతుంది. కలపకండి. వాళ్లు వెంటనే క్షమించాలని పట్టుబట్టకండి.

ఆ తర్వాత పాపానికి దారి మూసేయడం: ఫోన్ నంబరు తీసేయడం, ఆ దోస్తుల సాయంత్రపు అడ్డాకు వెళ్లకపోవడం, మొదటి 90 రోజులు వారానికి ఒకసారి నమ్మకమైన ఒక పెద్దకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం. 90 అన్నది బైబిలు లెక్క కాదు, ఒక అలవాటు సడలడానికి మేం సూచించే గడువు. ఇవేవీ కృపను కొనవు, కృప పొందినవాడు నడిచే నడక ఇది. లూకా 3:8-14లో బాప్తిస్మమిచ్చు యోహానును జనం "ఏమి చేయవలెను" అని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో లెక్క చెప్పాడు: రెండు అంగీలున్నవాడు ఒకటివ్వాలి, సుంకరి నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయకూడదు, సైనికుడు జీతంతో తృప్తిపడాలి.

కథోలిక సంఘాల్లో ఈ మెట్లే పాపసంకీర్తనంలో ఆత్మపరిశీలన, దుఃఖం, ఇక చేయనన్న నిర్ణయం, గురువు ఎదుట ఒప్పుకోలు, ప్రాయశ్చిత్తం అని నేర్పుతారు.

ఒక గట్టి హెచ్చరిక. పిల్లల మీద లైంగిక దాడి, భార్యను కొట్టడం వంటివి "అన్న మారుమనస్సు పొందిండు, ఇక లేవనెత్తకండి" అని సంఘ పెద్దల మధ్య సర్దేయకూడదు. పిల్లల విషయంలో తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. పిల్లల కోసం 1098, స్త్రీల కోసం 181. నిజంగా తిరిగినవాడు చట్టం వేసే శిక్షను తప్పించుకునే దారులు వెతకడు.

మోసం చేసి తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాలా? ఎంత?

ఇవ్వాలి. లేవీయకాండము 6:1-5 ప్రకారం అసలు, దానితోపాటు ఐదో వంతు. సుంకరి జక్కయ్య దాన్ని దాటి, ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అన్నాడు (లూకా 19:8). మోషే ధర్మశాస్త్రం క్రైస్తవుడి మీద పన్నులా లేదు, కానీ కనీస కొలతగా బాగా పనికొస్తుంది.

పత్తి కొనే వ్యాపారి ఒక రైతు దగ్గర 15 క్వింటాళ్లకు క్వింటాకు 2 కిలోల చొప్పున తూకంలో కొట్టాడనుకుందాం. 30 కిలోలు. క్వింటా ధర 7,000 అనుకుంటే కిలో 70, మొత్తం 2,100. ఐదో వంతు 420. ఇవ్వాల్సింది 2,520 రూపాయలు. మనిషి చనిపోతే వారసులకు, వారసులు లేకపోతే అది ప్రభువుది అని సంఖ్యాకాండము 5:7-8. ఆ సొమ్మును బీదలకు చేర్చవచ్చు, మీ పేరు బోర్డు మీద రాయించుకోకుండా. ఒకేసారి ఇవ్వలేకపోతే నెలవారీగా ఎంతో రాసిచ్చి ఇవ్వండి.

నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పులిచ్చేవారు నెహెమ్యా 5 చదవాలి. నూటికి నెలకు మూడంటే ఏడాదికి 36. నెహెమ్యా నూరవ భాగాన్నే తిరిగి ఇమ్మన్నాడు, తాకట్టు పెట్టుకున్న పొలాలను ఆ రోజే అప్పగించమన్నాడు (5:11).

తాగుడు మానాలని ప్రమాణం చేసినా కావడం లేదు. చిత్తం లేదా, కృప లేదా?

మీరు లెక్కలోకి తీసుకోని మూడోది ఒకటుంది, శరీరం. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానితే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి లేనివి కనిపించవచ్చు. ఇది ప్రాణం తీయగలదు. ఉత్తర తెలంగాణలో కల్తీ కల్లు ఇంకో ప్రమాదం. అందులో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం, డైజిపాం వంటివి కలుపుతారు, ఆగిపోయినప్పుడు మూర్ఛ, వింత ప్రవర్తన, నిద్ర లేకపోవడం వస్తాయి. దాన్ని దయ్యం పట్టిందని కట్టేసి ఉపవాస ప్రార్థన పెడితే మనిషి చేజారిపోతాడు. ముందు ఆసుపత్రి. వరంగల్ ఎంజీఎం వంటి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి, 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్‌కు చేయండి. పక్కన కూర్చుని ప్రార్థించండి. డాక్టరు మందు కూడా దేవుని కృప చేరే దారే, పౌలు ఓడకు ఆ నావికుల్లాగే.

కూటాల్లో మూడుసార్లు చేయెత్తాను, మూడుసార్లు పడిపోయాను. మొదటిది అబద్ధమా?

చేయెత్తడం మారుమనస్సుకు రుజువూ కాదు, అడ్డూ కాదు. రాత్రి పదకొండింటికి పాట మెల్లగా నడుస్తుండగా ఎత్తిన చెయ్యి ఉదయం పొలంలో, దుకాణంలో ఏం చేస్తుందో చూడాలి. పడిపోవడం వల్ల మొదటిది అబద్ధమైపోదు. పడ్డచోటే పడుకుని, దాన్నే ఇల్లు చేసుకుంటే అనుమానించాలి. 1517 నాటి 95 వాదాల్లో మొదటిదానిలోనే లూథరు, విశ్వాసి బ్రతుకంతా మారుమనస్సే కావాలన్నాడు. మళ్లీ చేయెత్తాల్సిన పని లేదు, మళ్లీ తిరగండి.

హెబ్రీ 6:4-6 చదివి నాకిక దారి లేదనుకునేవారు చాలామంది వస్తారు. దారి ఉందా అని ఏడుస్తూ అడిగే మనిషి ఆ వచనాల్లోని మనిషిలా లేడు. వాళ్లు క్రీస్తును బాహాటంగా అవమానపరచి వెళ్లిపోయినవారు.

దేవుడే మార్చాలంటే ఇక సువార్త, ప్రార్థన ఎందుకు?

దేవుడు మార్చలేడంటే ప్రార్థనకు అర్థమే ఉండేది కాదు. "నా కొడుకు మనసు మార్చు" అని మోకరించే తల్లికి, తన కొడుకు చిత్తం దేవునికి అందనంత దూరంలో ఏమీ లేదని లోపల తెలుసు. విలాపవాక్యములు 5:21 ఆమె ప్రార్థనే: నీవు మమ్మును నీతట్టు త్రిప్పినయెడల మేము తిరిగెదము.

ఏళ్లుగా అడుగుతున్నా మారనివారి విషయంలో ఒక జాగ్రత్త. "మీరు విశ్వాసంతో అడగలేదు" అని ఆ తల్లితో అనకండి. "వాడు ఏర్పాటులో లేడేమో" అని అంతకన్నా అనకండి, ఆ సంగతి ఎవరికీ తెలియదు. కొడుకుతో వాక్యం మాట్లాడటం ఆపినా అన్నం పెట్టడం ఆపవద్దని చెప్పండి.

దేవుడు కూడా పశ్చాత్తాపపడ్డాడని ఉంది కదా?

ఉంది. 1 సమూయేలు 15:11లో సౌలును రాజుగా చేసినందుకు పశ్చాత్తాపపడుతున్నానంటాడు. అదే అధ్యాయం 29వ వచనంలో ఆయన పశ్చాత్తాపపడడు, నరుడు కాడు అని ఉంది. రాసినవాడు ఒకే పేజీలో రెండూ పెట్టాడంటే మరచిపోయి కాదు. దేవునికి తెలియనిది తెలిసివచ్చి మనసు మార్చుకోవడం ఉండదు. మనిషి తిరిగినప్పుడు అతనితో ఆయన వ్యవహారం మారుతుంది, ఆ నియమాన్ని యిర్మీయా 18:7-10లో ముందే చెప్పాడు. నీనెవెకు నలభై రోజుల గడువిచ్చి, వాళ్లు తిరిగాక శిక్ష ఆపడం ఆ నియమం ప్రకారమే.

చనిపోయే ముందు మారితే చాలదా? సిలువ మీద దొంగ మారలేదా?

మారాడు, క్షమాపణ పొందాడు. అతని పక్కనే అంతే దూరంలో ఇంకొకడు మారకుండానే చనిపోయాడు. పైగా ఆ దొంగ వాయిదా వేసినవాడని ఎక్కడా లేదు, యేసును కలిసిన రోజే తిరిగాడు. మీరు ఈ పేజీ చదువుతున్నారంటే ఆ మొదటి రోజు మీకు ఎప్పుడో దాటిపోయి ఉండవచ్చు. మారుమనస్సు దేవుడిచ్చేదే అయితే రేపు అది మీ చేతిలో ఉంటుందని ఏ లెక్కన అనుకుంటున్నారు? పైన చెప్పిన కాగితం, ఒక గంట సమయం ఈ రాత్రికే తీసిపెట్టుకోండి. ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆ పేరు మొదట రాయండి.